గుర్తు గుంత బయట ఉండాలి

పునాది గుంతలు తీయడం ఒక రోజు పని. పొద్దున జేసీబీ వస్తే 12 పిల్లర్ గుంతలు సాయంత్రానికి తయారవుతాయి. దానికి ముందు స్థలాన్ని సిద్ధం చేయడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. ఇల్లు కాంట్రాక్టుకు ఇచ్చినవాళ్లకు ఆ బాధ్యత కాంట్రాక్టరుది. మేస్త్రిని పెట్టుకుని, సామాను తామే తెచ్చుకుని, దగ్గరుండి కట్టించుకునేవాళ్లకు అది పూర్తిగా ఇంటి యజమానిదే.

తవ్వకం మొదలయ్యాక నేల మీద గీసిన గుర్తు ఏదీ నిలవదు. ముగ్గు గీత మొదటి బకెట్ మట్టితోనే పోతుంది. దారం తెగుతుంది. కొయ్య ఊడిపోతుంది. అందుకే తవ్విన తర్వాత ఏ కొలత అవసరం పడుతుందో, ఆ కొలత తవ్వకముందే గుంత బయట భద్రంగా ఉండాలి. బావిలో పూడిక తీయడానికి దిగే మనిషి, తాడు కొసను పైన చెట్టుకు కట్టి దిగుతాడు. తాడు ఎంత లోతుకు వెళ్లినా దాని ముడి పైనే ఉంటుంది. ఇంటి పునాదికీ అలాంటి ముడి కావాలి. గుర్తు గుంత బయట ఉండాలి. స్థలం సిద్ధం చేయడమంటే చాలావరకు ఈ ఒక్క మాటను పాటించడమే.

మొదటి పని హద్దులు చూసుకోవడం. ఒక ఉదాహరణ. 200 గజాల స్థలం. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు. దస్తావేజులో అలాగే రాసి ఉంటుంది. నేల మీద టేపు పెట్టి కొలిస్తే ముందు వైపు 30, వెనక వైపు 29న్నర రావచ్చు. పక్కవాళ్ల ప్రహరీ కాస్త ఇటు జరిగి ఉండొచ్చు. హద్దు రాయిని ఎప్పుడో ట్రాక్టరు తగిలి కదిపి ఉండొచ్చు. నాలుగు వైపులా కొలిచి ఊరుకుంటే చాలదు. నులక మంచం కోడు వదులైతే మంచం ఒక పక్కకు ఒరుగుతుంది. పట్టెల పొడవు మారదు, మంచం ఆకారం మారిపోతుంది. స్థలం కూడా అలా ఒరిగి ఉండవచ్చు. అది తెలియాలంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలవాలి. 30కి 60 స్థలంలో ఆ కొలత 67 అడుగుల 1 అంగుళం రావాలి. రెండో ఐమూల కూడా అంతే రావాలి. తేడా వస్తే సర్వేయర్‌ను పిలిపించి, పక్క స్థలాలవాళ్లు ఎదురుగా ఉండగా హద్దులు తేల్చుకోవాలి. ఒక పూట ఆలస్యమైనా ఇరుగుపొరుగుతో తగాదా తప్పుతుంది.

అనుమతి వచ్చిన ప్లాను చేతికి రాకుండా నేల ముట్టుకోకూడదు. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి దానితో మొదలైంది. మన 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఆ కోవలోకే వస్తుంది. అయితే రాసిచ్చినదానికి భిన్నంగా కడితే, నోటీసు ఇవ్వకుండానే తొలగించే అధికారం కూడా అదే చట్టంలో ఉంది. సంతకం యజమానిది. ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో ఆయనకే కచ్చితంగా తెలిసి ఉండాలి.

హద్దుల తర్వాత నేల చరిత్ర. లేఅవుట్ కాకముందు అక్కడ ఏముండేది? మాగాణా, చెలకా, తోటా, చెరువు అంచా? ఊళ్లో పాత రైతును ఒకరిని స్థలం దగ్గరికి తీసుకొచ్చి అడగాలి. మోటబావి ఎక్కడ ఉండేదో, పంట కాలువ ఎటు పోయేదో ఆయన చేత్తో చూపించి చెబుతాడు. పూడ్చేసిన బావి మీద పిల్లర్ పడితే, అక్కడి మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఇంజనీరు పిల్లర్లను పక్కకు జరుపుతాడు. గుంత తీశాక తెలిస్తే మొత్తం ప్లాను మార్చుకోవాలి. ఏ దస్తావేజులోనూ దొరకని కబురు ఇది. అడగడానికి ఖర్చు కూడా ఉండదు.

స్థలం శుభ్రం చేయడం తేలికే. కంప, తుప్పలు, పాత ఇటుక ముక్కలు తీసేయాలి. చెట్టును నేలకు సమంగా నరికి వదిలేయకూడదు. మొద్దు, పెద్ద వేళ్లు తవ్వి తీయాలి. నేలలో ఉండిపోయిన వేరు కుళ్లి డొల్ల అవుతుంది. పైగా చెదలకు అదే మేత. వేప, చింత లాంటి పెద్ద చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. ప్లాను కొద్దిగా సర్ది చెట్టును ఉంచుకోగలిగితే ఇంకా మంచిది. ఇక పైమట్టి. గడ్డి వేళ్లు, ఆకుల కుళ్లు ఉండే మట్టి సుమారు అర అడుగు ఉంటుంది. అది పునాదికీ పనికిరాదు, గచ్చు కింద నింపడానికీ పనికిరాదు. మొక్కలకు మాత్రం చాలా మంచిది. వెనక మూలన విడిగా పోసి ఉంచాలి.

తర్వాత పరీక్ష గుంత. దీన్ని పిల్లర్ పడే చోట తీయకూడదు. అక్కడి గట్టి నేల అనవసరంగా చెదురుతుంది. నీళ్ల సంపు ఎక్కడ కట్టాలనుకుంటారో అక్కడ తీస్తే, తవ్విన శ్రమ వృథా పోదు. పునాది లోతు 5 అడుగులు అనుకుంటే దీన్ని 7 అడుగుల దాకా తీయాలి. పైనే నిలబడి పొరలు చూడాలి. అంత లోతు గుంతలోకి ఆసరా లేకుండా ఎవరూ దిగకూడదు. ఇటుక పెంకులు, ప్లాస్టిక్ సంచులు, బూడిద కనిపిస్తే అది ఎవరో తెచ్చి పోసిన మట్టి. దాని మీద పునాది వేయకూడదు, దాన్ని దాటి కిందికి వెళ్లాలి. ఎర్రమట్టి కింద గట్టి మొరం తగిలితే నేల అనుకూలమన్నట్టే.

నల్లరేగడి సంగతి వేరు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల రైతులకు దాని గుణం ఒకరు చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. వాన పడితే ఉబ్బుతుంది. దాని మీద కూర్చున్న గోడను ఏడాదికోసారి పైకెత్తి కిందికి దించుతుంది. అందుకే అలాంటి నేలలో పునాది ఎంత లోతు, ఏ రకం అన్నది ఇంజనీరు తేల్చాలి. మేస్త్రి అలవాటును బట్టి నిర్ణయించకూడదు. కోనసీమలో కొన్ని అడుగులకే నీళ్లు ఊరతాయి. అక్కడ మోటారు సిద్ధంగా పెట్టుకుని తవ్వాలి. హైదరాబాద్ చుట్టుపక్కల పైన మట్టి కనిపించినా కింద పరుపుబండ ఉండొచ్చు. మామూలు జేసీబీ బకెట్ దాన్ని ఏమీ చేయలేదు. బండ పగలగొట్టే బ్రేకరు యంత్రం తెప్పించాలి. ఈ మూడింటిలో ఏది ఎదురవుతుందో పరీక్ష గుంత ముందే చెబుతుంది.

ఇక్కడ ముహూర్తం గురించి ఒక మాట. భూమిపూజకు ముహూర్తం కుదిరిందని అదే రోజు జేసీబీని కూడా పిలిచేవాళ్లు ఉన్నారు. హద్దు తేలదు, మట్టి చూడరు, ప్లాను ఇంకా దిద్దుబాటులో ఉంటుంది. పూజ ముహూర్తానికి జరిపించాలి. ఈశాన్యంలో శంకుస్థాపన గుంత చేత్తో తీసి పూజ చేస్తే చాలు. పెద్ద తవ్వకం స్థలం సిద్ధమయ్యాకే. ఆ రెండింటినీ విడదీస్తే తొందరపాటు సగం తగ్గుతుంది.

బోరు వేయించుకునేవాళ్లు గుంతల కన్నా ముందే వేయించాలి. బోరు లారీ బరువైనది. గుంతలు తీశాక అది స్థలంలోకి రాలేదు. కాంక్రీటు కలపడానికీ, తడపడానికీ మొదటి రోజు నుంచే నీళ్లు కావాలి. కరెంటు తీగలు తలెత్తి చూడాలి. జేసీబీ చెయ్యి పూర్తిగా లేస్తే కిందుగా వేలాడే తీగ తగులుతుంది. తీగ దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖవాళ్లకు ముందే చెప్పి, ఆ పూట సరఫరా ఆపించాలి. భూమి లోపల నల్లా పైపు, డ్రైనేజీ, కేబుల్ ఎటు పోతున్నాయో ఇరుగుపొరుగును, సంబంధిత శాఖలవాళ్లను అడిగి తెలుసుకోవాలి. అవి ఉన్న చోట చేత్తోనే తవ్వించాలి.

ఇప్పుడు ఎత్తు గుర్తు. పిల్లర్ గుంత 5 అడుగుల లోతు అంటారు. 5 అడుగులు దేని నుంచి? నేల ఎక్కడా సమంగా ఉండదు. ముందు నుంచి వెనక్కి అడుగు వాలు ఉన్న స్థలంలో, ఎక్కడికక్కడ నేల నుంచి 5 అడుగులు కొలిస్తే గుంతల అడుగులు ఒక మట్టంలో ఉండవు. కాబట్టి కదలని చోట ఒక గుర్తు కావాలి. ఎదుటి ఇంటి ప్రహరీ గోడ కావచ్చు, సిమెంటు కరెంటు స్తంభం కావచ్చు. అక్కడ ఎర్ర రంగుతో అడ్డగీత ఒకటి గీస్తారు. ఇంటి లోతులూ ఎత్తులూ అన్నీ ఆ గీత నుంచే కొలుస్తారు. ఆ గీత మట్టాన్ని స్థలంలో ఏ మూలకైనా చేరవేయడానికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం చాలు. గొట్టం నిండా నీళ్లు పోయాలి. లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఒకరు గొట్టం ఒక కొస గీత దగ్గర పట్టుకుంటారు. ఇంకొకరు రెండో కొసతో ఆ మూలకు వెళతారు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. అందుకే గొట్టాన్ని ఒకసారి పూర్తిగా పైకెత్తి, తట్టి, బుడగలు పోయాయని చూసుకోవాలి.

ఆ గీతనే ఇంటి బేస్‌మెంట్ మట్టంగా పెట్టుకుంటే లెక్క తేలిక. అది ఎంత ఎత్తులో ఉండాలన్నది రోడ్డును చూసి నిర్ణయించాలి. చుట్టూ ఉన్న నేల కన్నా ఇంటి బేస్‌మెంట్ కనీసం 45 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మన ఊళ్లలో పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తుంటారు. ప్రతిసారీ వీధి కాస్త పైకి వస్తుంది. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు వాన నీళ్లు దిగడానికి కారణం అదే. అందుకని ఇంకో అడుగు ఎక్కువ పెట్టుకోవడమే తెలివైన పని.

ఇక ముగ్గు పోయడం. గాలి లేని తెల్లవారుజాము దీనికి మంచి వేళ. దారం ఊగదు. మన ఉదాహరణలో పిల్లర్ మధ్య గీతలు వెడల్పున 24 అడుగులు, పొడవున 32 అడుగులు అనుకుంటే, మొదట రోడ్డు వైపు హద్దుకు సమాంతరంగా ఒక దారం లాగుతారు. దాని కొసన మూల కొయ్య పాతి, కొయ్య నెత్తిన చిన్న మేకు కొడతారు. అసలు బిందువు ఆ మేకే. అక్కడి నుంచి పక్క దారం సరిగ్గా మూలమట్టంగా వెళ్లాలి. దీనికి మేస్త్రీలందరికీ తెలిసిన 3, 4, 5 లెక్క ఉంది. మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు రావాలి. వస్తే మూల సరైనది. అయితే 3, 4, 5 మరీ చిన్న కొలతలు. అక్కడ పావు అంగుళం తప్పితే, దారం 32 అడుగులు వెళ్లేసరికి అది రెండు అంగుళాలు దాటుతుంది. అందుకే అదే లెక్కను 4 రెట్లు పెంచి 12, 16, 20 అడుగులతో చూడాలి. చివరగా ఐమూలలు. 24కి 32 ఇంటికి ఐమూల సరిగ్గా 40 అడుగులు. ఒకటి 40, రెండోది 40 అడుగుల 2 అంగుళాలు వస్తే ఎక్కడో మూల ఒరిగింది. నులక మంచం సంగతే ఇక్కడా. అప్పటికప్పుడు సరిచేసుకోవాలి.

దారాలు సరిపోయాయి. ముగ్గు పోశారు. చాలామంది ఇక్కడే జేసీబీకి ఫోన్ చేస్తారు. అసలు పని ఇంకా మిగిలే ఉంది. గుర్తు గుంత బయట ఉండాలి. ప్రతి దారాన్నీ రెండు వైపులా గుంత అంచు దాటించి, ఇంకో రెండు మూడు అడుగుల అవతలికి లాగాలి. అక్కడ ఇటుకలతో చిన్న దిమ్మె కట్టాలి. పైన సిమెంటు పూయాలి. సిమెంటు పచ్చిగా ఉండగానే, దారం సరిగ్గా ఎక్కడి నుంచి పోతుందో అక్కడ తాపీ అంచుతో సన్నని గీత పెట్టాలి. ఆరాక గీతకు ఎర్ర రంగు పూయాలి. ఇప్పుడు దారాలు విప్పేసినా నష్టం లేదు. దిమ్మె నుంచి దిమ్మెకు ఎప్పుడు కట్టినా దారం అదే చోటికి వస్తుంది.

ఇక్కడ యజమాని ఒక లెక్క వేసుకోవాలి. స్థలం వెడల్పు 30 అడుగులు. పిల్లర్ మధ్య గీతలు 24 అడుగులు. రెండు పక్కలా చెరో 3 అడుగులు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఒక్కో గుంత 5 అడుగుల చదరం. మధ్య గీతకు అటూ ఇటూ రెండున్నర అడుగులు పోతుంది. అంటే గుంత అంచు నుంచి పక్కవాళ్ల ప్రహరీకి మిగిలేది అర అడుగు! ఆ ప్రహరీ పునాది రెండు మూడు అడుగుల లోతే ఉండొచ్చు. దాని పక్కనే 5 అడుగుల గుంత తీస్తే గోడ కింద మట్టి జారుతుంది. అలాంటి చోట పునాది ఆకారం మార్చడానికి వీలుందేమో ఇంజనీరును అడగాలి. వీలు లేకపోతే ఆ పక్క గుంతలను ఒక్కొక్కటిగా చేత్తో తీయించి, కాంక్రీటు వేసి, పూడ్చాకే పక్క గుంత మొదలుపెట్టాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పి, గోడను వాళ్ల ఎదుటే ఫొటోలు తీసుకుంటే తర్వాత మాట పట్టింపులు రావు. దిమ్మె కట్టడానికి కూడా ఆ పక్క చోటు ఉండదు. వాళ్లు ఒప్పుకుంటే ప్రహరీ మీదే ఎర్ర గీత పెట్టుకోవచ్చు. అయితే గోడ కదిలితే గీతా కదులుతుంది. దాన్ని ముందూ వెనకా ఉన్న దిమ్మెలతో మళ్లీ మళ్లీ సరిచూసుకోవాలి.

మట్టి ఎక్కడ పోయాలన్నది కూడా ముందే ఆలోచించాలి. 5 అడుగుల చదరం, 5 అడుగుల లోతు గుంత ఒక్కటి 125 ఘనపుటడుగులు. 12 గుంతలు 1500. తవ్విన మట్టి గుల్లబారుతుంది. అదిమిపెట్టని అటుకులు గిన్నెలో ఎక్కువ చోటు పట్టినట్టు, అది దాదాపు పావు వంతు పెరుగుతుంది. సుమారు 1900 ఘనపుటడుగులు. ఒక ట్రాక్టరుకు 100 పడుతుందనుకుంటే 19 ట్రాక్టర్లు. రెండడుగుల ఎత్తున పరిస్తే సుమారు 950 చదరపు అడుగుల చోటు కావాలి. ఇల్లు పోగా స్థలంలో మిగిలేదే 1030 చిల్లర. అందులో దారి కావాలి, ఇసుకకూ కంకరకూ చోటు కావాలి. గుంతల మధ్య పోద్దామంటే అక్కడ 7 అడుగులకు మించి ఉండదు. కాబట్టి పక్క ఖాళీ స్థలం యజమానిని అడగాలి. లేదా గుంతలను రెండు విడతలుగా తీయాలి. ఎర్రమట్టి, మొరం అయితే అమ్మేయకూడదు. గుంతలు పూడ్చడానికీ, బేస్‌మెంట్ నింపడానికీ మళ్లీ అదే కావాలి. నల్లరేగడి అయితే మాత్రం గచ్చు కింద నింపకూడదు. బయటికి పంపేయాలి.

మట్టి కుప్ప గుంత అంచు నుంచి కనీసం 5 అడుగుల దూరంలో ఉండాలి. ఈ మాట మరోసారి చెప్పినా తప్పులేదు. కనీసం 5 అడుగులు. ఒక ఘనపుటడుగు మట్టి సుమారు ఒక సిమెంటు బస్తా బరువు ఉంటుంది. 3 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, అడుగు మందం పెళ్ల ఒకటి విరిగిపడితే 6 బస్తాలు ఒక్కసారిగా మనిషి మీద పడ్డట్టే. మోకాలి దాకా పూడుకుపోయిన మనిషిని కూడా లాగి బయటికి తీయడం కష్టం. ఒకటిన్నర మీటరు, అంటే సుమారు 5 అడుగులు మించిన లోతుకు పలకలతో ఆసరా కట్టాలి, లేదా అంచులను ఏటవాలుగా తీయాలి. యంత్రం పనిచేస్తుండగా ఎవరూ గుంతలో ఉండకూడదు. రాత్రికి చుట్టూ తాడో, కంపో కట్టాలి. వీధిలో పిల్లలుంటారు. కూలి మనిషి ప్రాణం ఏ ఇంటి ఖర్చులోనూ పొదుపు చేసుకునే పద్దు కాదు.

జేసీబీ వచ్చే రోజు తవ్వే వరుస ముఖ్యం. ఇల్లు అలికేవాళ్లు లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి వస్తారు. గుమ్మం దగ్గర మొదలుపెడితే అలికిన చోటే తొక్కాలి. జేసీబీ కూడా అంతే. వెనక వరుస గుంతలు ముందు తీసి, రోడ్డు వైపు వెనక్కి రావాలి. దిమ్మెలు ఎక్కడున్నాయో డ్రైవరును వెంట తిప్పి చూపించాలి. ప్రతి దిమ్మె పక్కనా గుడ్డ కట్టిన కర్ర పాతాలి.

యంత్రంతో పూర్తి లోతు తీయించకూడదు. బకెట్ పళ్లు కింది గట్టి మట్టిని కూడా కెలుకుతాయి. చివరి అర అడుగు పారతో చేత్తో తీయించాలి. లోతును ఎర్ర గీత నుంచే కొలవాలి. ఎక్కడైనా లోతు ఎక్కువైతే మట్టి పోసి సర్దకూడదు. ఆ మేరకు గుంత అడుగున పరిచే బెడ్ కాంక్రీటే పోయాలి. చెదల మందు కొట్టించాలనుకుంటే గుంత అడుగుకూ అంచులకూ అప్పుడే కొట్టించాలి. వాన సూచన ఉంటే గుంతలను తెరిచి ఉంచకూడదు. నీళ్లు నిలిచి మెత్తబడిన అడుగును మళ్లీ చెక్కి తీయాల్సిందే.

బెడ్ కాంక్రీటు ఆరిన మర్నాడు దారాలు మళ్లీ బయటికి వస్తాయి. దిమ్మె మీది ఎర్ర గీత నుంచి ఎదుటి గీతకు ఒక దారం. దానికి అడ్డంగా ఇంకొకటి. రెండు దారాలు కలిసే చోట మేస్త్రి తూకపు గుండు వదులుతాడు. గుండు కాసేపు ఊగుతుంది, నెమ్మదిస్తుంది, ఆగుతుంది. దాని మొన తాకిన చోట ఆయన కాంక్రీటు మీద చిన్న గాటు పెడతాడు. పిల్లర్ నడిమి బిందువు అదే. 12 గుంతల్లోనూ ఇలా గాట్లు పడ్డాక, వాటి మధ్య దూరాలనూ ఐమూలలనూ టేపుతో మరొక్కసారి చూసుకుని, ఇనుప మ్యాట్ దించడానికి మనుషులను పిలుస్తారు.